అత్తయ్యగారితో లంకకి

సాయంత్రం దీపం పెట్టాక మా అత్తయ్యగారు అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రం చదువుకుంటారు. మీలోనూ చాలామందికి అలవాటే కదా. అందులో మొట్టమొదటి పేరు లంకలోని శాంకరీదేవిది. మన అలంపురం జోగులాంబ, శ్రీశైలం భ్రమరాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ, ఈ నలుగురినీ అత్తయ్యగారు ఎన్నోసార్లు చూశారు. "మొదటావిడ దగ్గరికే వెళ్ళలేకపోయాం" అని మావయ్యగారు అంటుండేవారు. 1983లో అక్కడ యుద్ధం మొదలైంది. 2009లో అది ముగిసేనాటికి మావయ్యగారే లేరు.

పోయినేడు ఆగస్టులో ప్రయాణం కుదిరింది. తీరా టిక్కెట్లు తీసే వేళకి మా వారు సెలవు దొరకదన్నారు. "నువ్వూ అమ్మా వెళ్ళి రండి" అన్నారు. నిజం చెప్పొద్దూ, నా గుండెల్లో రాయి పడింది. 28 ఏళ్ళ కాపురంలో అత్తయ్యగారూ నేనూ ఇద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. పోట్లాటలేం లేవు, మాటలూ లేవు. పులుసులో ఉప్పు సరిపోయిందా, పాలవాడు వచ్చాడా, అంతే. పైగా ఆవిడకి 76 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు.

మద్రాసు నుంచి కొలంబోకి గంటన్నర కూడా పట్టదు. అక్కడ కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు కుర్రాడికి తమిళం వచ్చు. అత్తయ్యగారికి మద్రాసులో ఉన్నప్పుడు నేర్చిన నాలుగు ముక్కలు వచ్చు. దారంతా వాళ్ళిద్దరి కబుర్లే! నాతో అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు సుమండీ.

దంబుల్లలో కొండ గుహల్లో బుద్ధుడి గుళ్ళున్నాయి. మెట్లు చూసి అత్తయ్యగారు కిందే ఆగిపోయారు. నేనొక్కదాన్నీ గబగబా చూసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న ఆప్పాలతో కొబ్బరి సంబోల్ పెట్టారు. అది మన కొబ్బరి పచ్చడికి అక్కచెల్లెలే. పచ్చి కొబ్బరి కోరు, ఎండుమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు, ఉప్పు కలిపి రాతిమీద నూరి నిమ్మకాయ పిండుతారు. పోపుండదు. శాకాహారులైతే మాత్రం తినేముందు అడగడం మరిచిపోకండి, ఉంబలకడ అనే ఎండుచేప పొడి అందులో మామూలుగా వేస్తారు. మేం అడిగి విడిగా చేయించుకున్నాం. ఇంటికొచ్చాక చేసి చూశాను, వేడన్నంలోకి బ్రహ్మాండంగా ఉంది.

పొలొన్నరువలో ఒకే రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాలున్నాయి. పడుకున్న విగ్రహం 46 అడుగుల పొడవు. అక్కడ చెప్పులు విప్పాలి, బండలేమో పెనంలా కాలతాయి. ఒక జత మేజోళ్ళు సంచిలో వేసుకువెళ్ళండి. ఆ ఊళ్ళోనే 11వ శతాబ్దంలో చోళులు రాతితో కట్టిన చిన్న శివాలయం ఉంది. లింగం దగ్గర ఎవరో పెట్టిన పూలున్నాయి. "హమ్మయ్య, దిక్కులేకుండా లేడు" అన్నారు అత్తయ్యగారు.

సాయంత్రం మిన్నేరియా. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించిన పెద్ద చెరువది. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి పోయి, బయటపడిన నేలలో పచ్చగడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి. జీపు కుదుపులకి నడుం విరుగుతుందని అత్తయ్యగారి కింద రెండు తలగడలు వేశాను. ఒక్కసారిగా చెట్లు పోయి మైదానం వచ్చింది. ఎటు చూసినా ఏనుగులే! పిల్ల ఏనుగులు తల్లుల కాళ్ళ మధ్య దూరిపోయాయి. దంతాలున్నది ఒక్కటీ కనబడలేదు. ఆ దేశంలో మగవాటిక్కూడా చాలావాటికి దంతాలుండవట. మందని నడిపేది పెద్దవయసు ఆడ ఏనుగేనని డ్రైవరు చెప్పాడు.

"చూశావా, ఇక్కడా అత్తగారిదే పెత్తనం" అన్నారు అత్తయ్యగారు.

"మిగతావి దాని కూతుళ్ళూ మనవరాళ్ళూనటండీ. కోడళ్ళు కారు" అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆవిడ పగలబడి నవ్వారు. జీపులో నా చేయి పట్టుకునే కూర్చున్నారు ఆ తరవాత.

మూడోరోజు తిరుకోణమలై. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొసన కోణేశ్వరస్వామి గుడి. పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్ళు కూలగొట్టారు. 1950లో నేల తవ్వుతుంటే కొన్ని విగ్రహాలు బయటపడ్డాయి. ఇప్పటి గుడి తరవాత కట్టింది. కోట ద్వారం దాటగానే చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతున్నాయి. అందులో ఒకటి మా పూజ సంచిలోంచి అరటిపండ్లు లాగేసింది. "పోన్లే, ముందు దీనికి నైవేద్యం" అన్నారు అత్తయ్యగారు. పైన అమ్మవారి ముందు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. మావయ్యగారి ఫోటో కొంగులో కట్టుకొచ్చారని నాకప్పుడే తెలిసింది.

అక్కణ్ణుంచి నీలావెలి బీచికి వెళ్ళాం. ఆగస్టులో ఆ తూర్పుతీరం చెరువులా ఉంటుంది. నేను చెప్పులు విడవగానే అత్తయ్యగారు వాటి పక్కన చతికిలబడ్డారు. విశాఖలోనూ ఎప్పుడూ ఇంతే. పిల్లలూ మేమూ నీళ్ళల్లోకి పరిగెడితే ఆవిడ చెప్పులకీ సంచులకీ కాపలా. ఆవిడకి సముద్రమంటే ఇష్టం లేదనుకునేదాన్ని.

"రండి" అన్నాను.

"చెప్పులెవరు చూస్తారే?"

"నేను చూస్తానమ్మా" అన్నాడు డ్రైవరు కుర్రాడు.

చేయి పట్టుకుని మోకాలి లోతుకి తీసుకెళ్ళాను. మూడు మునకలేశారు. ఇక వస్తారనుకుంటే అక్కడే నీళ్ళల్లో కూర్చున్నారు.

"పెళ్ళయిన కొత్తలో భీమిలిలో ఒక్కసారి దిగాను. తడిచీరతో నలుగురిలో ఏమిటా వేషాలు అని మా అత్తగారు కేకలేశారు. మళ్ళీ దిగలేదు."

నాకు మాట రాలేదు. పెళ్ళయిన కొత్తలో విశాఖలో నేను ఒడ్డున బిడియపడుతూ నిలబడితే, "వెళ్ళవే, చెప్పులు నేను చూస్తాలే" అని నన్ను నీళ్ళల్లోకి తోసింది ఈవిడే.

చీకటి పడుతున్నా రానన్నారు. ఒడ్డున డ్రైవరు మా చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని పిలుస్తున్నాడు. "ఇంకొక్క పది నిమిషాలు ఆగమను" అన్నారు అత్తయ్యగారు.