పప్పుసంచి మీద కెమెరా

ఏమండీ, పిల్లలు ముచ్చటపడి కొని పక్కన పడేసిన డిజిటల్ కెమెరా మీ ఇంట్లోనూ ఉందా? మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ తనది బీరువాలో వదిలేశాడు. ఫోనుండగా ఇదెందుకమ్మా అంటాడు. రీలుకి 36 ఫోటోలే వచ్చే రోజుల్లో ఒక్కటి పాడైనా మా వారి ముఖం చూడలేకపోయేదాన్ని. ఇందులో ఎన్ని పాడైనా పైసా ఖర్చు లేదు. అదే నా ధైర్యం.

రాత్రి ఫోటోలకి ఫ్లాష్ ఆపేసి, షట్టరు కొన్ని సెకన్లు తెరిచి ఉంచాలి. ఆ కాసేపూ కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు. స్టాండు లేక నేను కిలో కందిపప్పు గుడ్డసంచిలో పోసి, దానిమీద కెమెరాని కుదురుగా కూర్చోబెట్టాను. (తర్వాత ఆ పప్పు వండేశాను లెండి!) బటన్ నొక్కితే చెయ్యి తగిలి అదురుతుంది, అందుకని రెండు సెకన్ల టైమరు పెట్టుకోండి. మొదటిసారి రాజమండ్రిలో గోదావరి గట్టున, పిట్టగోడ మీద పెట్టి తీశాను. ఆర్చి బ్రిడ్జి మీద రైలు బంగారు తీగలా వచ్చింది. కదిలేదేదైనా సరే గీతో, పొగో అయిపోతుందన్నమాట.

కార్తీక పౌర్ణమి నాడు తులసికోట దగ్గర దీపాల ముందు మా అత్తగారిని కూర్చోబెట్టాను. "పది సెకన్లు కదలకండి అత్తయ్యగారూ" అన్నాను. "రాతిబొమ్మలా ఉంటా చూడు" అని, ఫోటో కదా అని కొంగు భుజం మీదికి సర్దుకున్నారు. ఐఎస్ఓ 400, పది సెకన్లు. పెద్దది చేసి చూద్దును కదా, తులసి, ఆవిడ ముఖం, ఎడమ చెయ్యి చక్కగా ఉన్నాయి. ఒళ్లో ఉన్న కుడి చెయ్యి మాత్రం పొగలా ఉంది. కదిలారేమోనని ఇంకోటి తీశాను. అంతే. మూడోదీ అంతే.

అప్పుడు వెలిగింది నాకు. కొన్నాళ్లుగా ఆ చెయ్యి కొంగు కిందే ఉంటోంది. కాఫీ గ్లాసు ఎడం చేత్తో అందుకుంటున్నారు. రోజూ పక్కనే ఉండి నేను చూళ్లేదు. అడిగితే, "నీ పనులు నీకు చాలవా, నా గొడవ కూడానా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నరాల డాక్టరుగారు పార్కిన్సన్ జబ్బన్నారు. పూర్తిగా పోయేది కాదట, మందులతో అదుపులో ఉంటుందట. ఊరికే ఒళ్లో పెట్టుకున్న చెయ్యి వణుకుతుంటే, అందులోనూ ఒకవైపే అయితే, వయసు వణుకని వదిలెయ్యకండి. ఇప్పుడు ఆవిడ బొత్తాలు తనే పెట్టుకుంటున్నారు.

సంక్రాంతికొచ్చిన అబ్బాయి ఆ మూడు ఫోటోలూ పాడయ్యాయని చెరిపెయ్యబోయాడు. నేనొప్పుకోలేదు. "వచ్చే కార్తీకానికి మళ్లీ తియ్యి, ఈసారి చెయ్యి కొంగు కింద పెట్టుకుంటాలే" అంటున్నారు అత్తగారు.

బయటే ఉంచండి అన్నాను.