చూపు ఉండగానే చేయవలసిన చికిత్స

మధుమేహం చాలాకాలంగా ఉన్నవారి కంటిలో, వెలుతురును గ్రహించి మెదడుకు అందించే పలుచని పొర అయిన రెటీనాలోని సన్నని రక్తనాళాలు క్రమంగా మూసుకుపోవచ్చు; రక్తం చాలని భాగాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీనును విడుదల చేయగా, దాని ప్రేరణతో కొత్త నాళాలు మొలుస్తాయి. బలహీనమైన ఈ నాళాలు చిట్లితే, కంటిని నింపి ఉండే విట్రియస్ అనే జెల్లీవంటి పదార్థంలోకి రక్తం దిగి చూపు హఠాత్తుగా మూసుకుపోతుంది. అంతవరకు నొప్పి గాని మసక గాని ఉండకపోవచ్చు.

ఈ దశలో కోత లేకుండా చేసే లేజరు చికిత్సను పాన్‌రెటినల్ ఫొటోకోయాగ్యులేషన్ అంటారు. తిమ్మిరి చుక్కలు వేసి, కంటిపై ఒక కటకాన్ని ఆనించి, సాధారణంగా 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆకుపచ్చ కాంతిని పంపినప్పుడు, రెటీనా అడుగుపొరలోని మెలనిన్ అనే రంగుపదార్థం దానిని పీల్చుకొని వేడెక్కడంతో అక్కడ చిన్న మచ్చ పడుతుంది. సూటిచూపునిచ్చే మధ్యభాగాన్ని వదిలి చుట్టూ వెయ్యికి పైగా ఇటువంటి మచ్చలు పెడితే, రెటీనాకు కావలసిన ఆక్సిజన్, దానితోపాటు వీఈజీఎఫ్ తగ్గి, కొత్త నాళాలు ముడుచుకుపోతాయి. రాత్రిచూపు, పక్కచూపు కొంత తగ్గవచ్చు. ఆ మాట రోగికి ముందుగానే చెప్పడం వైద్యుని ధర్మం. అయినా ఈ నష్టానికి ఓర్చుకోవడం సమంజసమేనని, తీవ్రమైన చూపునష్టం సగమో అంతకు మించో తగ్గుతుందని 1976లో వెలువడిన అమెరికా అధ్యయన ఫలితాలు తేల్చాయి.

వైద్యునికి కష్టమైనది యంత్రాన్ని నడపడం కాదు, ఒప్పించడం. ‘చూపు బాగానే ఉంది కదా డాక్టరుగారూ’ అని, మిరప కోతలయ్యాక వస్తానని వెళ్లిన రైతు, కంట్లో రక్తం దిగి, కొడుకు చెయ్యి పట్టుకొని తిరిగివచ్చినప్పుడు, ఆ రక్తం గుండా లేజరు కాంతి చేరలేదు గనుక శస్త్రచికిత్స అవసరం కావచ్చు. సకాలంలో లేజరు చేయించుకున్నవారు చూపు పెరగలేదని నొచ్చుకోవడమూ ఉన్నదే; పోబోయే చూపు నిలిచిన సంగతి వారికి కనిపించదు మరి.

ఇక్కడే రోగనిర్ధారణ యంత్రం వైద్యునికి తోడవుతుంది. 1991లో ఎంఐటీ పరిశోధకులు ప్రకటించిన ఓసీటీ పద్ధతిలో, కంటి పొరలనుండి తిరిగివచ్చే పరారుణ కాంతిని పోల్చి, మైక్రోమీటర్ల సూక్ష్మతతో అడ్డకోత చిత్రాన్ని నిర్మిస్తారు. కొన్ని యంత్రాలలో ఆ కాంతి లేజరుదే. తరువాత వచ్చిన ఓసీటీ యాంజియోగ్రఫీ, రక్తకణాల కదలికనుబట్టి, రంగుమందు ఎక్కించకుండానే నాళాల పటాన్ని గీస్తుంది. రక్తం అందని చోట్లు నల్లగా ఉన్న తన కంటి చిత్రాన్ని చూసిన ఒక దర్జీ స్త్రీ మరునాటి చికిత్సకు ఒప్పుకోవడమే గాక, షుగరు ఉన్న తమ్ముణ్ణి కూడా తీసుకురావాలా అని అడిగింది. తీసుకురావలసిందే: పెద్దవయసులో వచ్చే రెండవరకం మధుమేహం బయటపడిన వెంటనే ఒకసారి, ఆపైన సాధారణంగా ఏటేటా రెటీనా పరీక్ష అవసరం.