తోటలో జెర్రిపోతు

ఆత్రేయపురం అనగానే మీ నోట్లో పూతరేకు కరుగుతుందని నాకు తెలుసు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాని ఈసారి నేను చెప్పబోయేది ఆ ఊరి తోటలో చూసిన జెర్రిపోతు సంగతి. పిల్లలు భయపడనక్కరలేదు.

లొల్ల లాకులు దాటి అక్కయ్యగారింటికి చేరాను. భోజనాలయ్యాక బావగారూ నేనూ కొబ్బరితోటలో మంచం వేసుకున్నాం. కొబ్బరిచెట్ల నీడన కోకో మొక్కలు, పక్కనే కొబ్బరి డొక్కల కుప్ప. ఆ కుప్పలోంచి ఆరడుగుల గోధుమరంగు పాము జరజరా బయటికి వచ్చింది. "తాచు! తాచు!" అని మేనల్లుడు కేకవేసి కర్ర అందుకున్నాడు.

చెట్టు మీద దింపు తీస్తున్న ముసలాయన పైనుంచే అరిచాడు: "కొట్టకండి బాబూ! జెర్రిపోతండి అది. దాన్ని చంపేస్తే ఎలకల్నెవరు చూస్తారండి?"

కుర్రాడు ఆగాడు. పాము మెడ నిలువుగా ఉబ్బించి బుస్సుమంది. తాచులాగ పడగ విప్పలేదు. పెద్ద కళ్ళు, పెదవుల మీద నల్లగీతలు కనిపించాయి. మరుక్షణం బోదెలో పడి ఈదుకుంటూ పోయింది.

ముసలాయన దిగివచ్చి ఎలక కొట్టిన పిందెలు చూపించాడు. ఎలకలు చెట్టు మొవ్వులోనే కాపురం పెట్టి, ఒక మట్ట మీదనుంచి ఇంకో మట్ట మీదికి దాటుతూ కాయలు తొలుస్తాయి. జెర్రిపోతు చెట్టెక్కి వాటిని పట్టుకోగలదు. విషం లేదు, పట్టినదాన్ని ఒంటితో అదిమి మింగేస్తుంది.

అది తాచుకు మగడని మనవాళ్ళ నమ్మకం. నిజానికి తాచులలోనే మగా ఆడా ఉన్నాయి. పెనవేసుకుని ఆడేవి సాధారణంగా పోటీపడే రెండు మగ జెర్రిపోతులు. ఇక ఆవు పాలు తాగుతుందన్న మాటా! వెనక్కి వంగిన పళ్ళతో పొదుగు పట్టుకుంటే ఏ ఆవు ఊరుకుంటుంది?

విశాఖపట్నంలో కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రసెల్ దొర మన తీరపు పాములను పోగుచేసి, 1796లో బొమ్మలతో పుస్తకం వేశాడు. మన జనం వాడే తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. తెలుగు మేష్టారిని గనుక నాకది ముచ్చట. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జెర్రిపోతుకూ రక్షణ ఇస్తోంది.

నా పదోయేట మా పెరట్లో ఒకదాన్ని చంపారు. తాచని మొదట అరిచింది నేనే. చచ్చాక తిరగేసి చూసిన తాతగారు "జెర్రిపోతేరా" అన్నారు, అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ సంగతి మేనల్లుడికి ఆ వేళే చెప్పాను.

రాత్రి పూతరేకులు పెడుతూ అక్కయ్య బావగారితో అంది: "జెర్రిపోతుకు ఇంత మర్యాద చేశారు, బాగానే ఉంది. ఆ ఎలకల కోసమే తాచూ వస్తుందండీ. చీకట్లో నాకు కళ్ళూ గీతలూ చూసే ఓపిక లేదు. ఆ కుప్ప ఇంటికి దూరంగా వేయించండి."

బావగారు మారు మాట్లాడలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి డొక్కలన్నీ తోట చివరికి చేరాయి.