జుబైల్ మడ చెట్ల మధ్య

అబుదాబిలో ఉన్నవాళ్లు చలికాలంలో ఒకసారి జుబైల్ మాంగ్రోవ్ పార్కుకి వెళ్లి రండి. సముద్రం పాటు మీద ఉన్న వేళ చూసుకుని వెళితే, చెక్క వంతెన కింద బురదలోంచి పెన్సిళ్లలా లేచిన ఊపిరి వేళ్లు కనిపిస్తాయి. ఆకుల మీద ఉప్పు పలుకులు. మన కాకినాడ దగ్గరి కోరింగలోనూ ఈ జాతి మడ ఉంది.

ఈ చెట్లు సముద్రాన్ని శుభ్రం చేస్తాయంటారు. అది సగమే నిజం. పడవల డీజిల్‌తో, కాలిన చమురుతో వచ్చే విషాలు నీళ్లలో సరిగా కరగవు. గిన్నెకి నేతి జిడ్డు పట్టినట్టు బురదకీ, వేళ్ల పైపొరకీ పట్టుకుంటాయి. చాలావరకు అక్కడే ఆగిపోతాయి. తేలికపాటివి మాత్రం వేరులోకి దూరి, చెట్టు పీల్చే నీటితో పాటు ఆకుల దాకా ఎక్కుతాయి. ఆకుల్లో దొరికే బరువైనవి ఎక్కువగా గాలిలోంచి వచ్చి, ఆకు మీది మైనపు పొరలో చిక్కుకున్నవే.

ఊపిరి వేళ్ల ద్వారా బురదలోకి ఆక్సిజన్ అందుతుంది. దాంతో బతికే సూక్ష్మజీవులు విషాన్ని కొంత విరగ్గొడతాయి. నన్నడిగితే అసలు పనిమనుషులు అవే! ఆకుల్లో మిగిలింది ఆకులతోనే రాలుతుంది. వాటిని పీతలు తింటాయి, పీతల్ని మనం.

చెట్టు ఓర్పుకీ హద్దుంది. 1991లో గల్ఫ్ యుద్ధం చమురు సౌదీ తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, ఊపిరి వేళ్లకి జిడ్డు కమ్మి అక్కడి మడ చెట్లు చాలా చచ్చిపోయాయి.