చిన్నాయన సన్నాయి, 4104 బైట్లు

మా చిన్నాయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించిన కీబోర్డు యమహా డీఎక్స్7. 1983లో వచ్చిన మోడల్. అందులోని 32 సౌండ్లూ ఆయన సొంతంగా చేసుకున్నవే. సన్నాయి సౌండ్ కోసమే నెల రోజులు కూర్చున్నాడట. అవన్నీ లోపలున్న చిన్న బ్యాటరీ మీదే బతుకుతున్నాయి. అది అయిపోతే అన్నీ పోయినట్టే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని కదా, ఐదు నిమిషాల పని అనుకున్నా. చవక యూఎస్‌బీ కేబుల్ కొని మూడుసార్లు కాపీ చేశా. మూడుసార్లూ డేటా మధ్యలోనే తెగిపోయింది.

చివరికి సిద్దిపేటలోనే ఒక స్క్రాప్ దుకాణంలో, మూతపడ్డ నెట్ సెంటర్ కంప్యూటర్ దొరికింది. విండోస్ 98! వెనక 15 పిన్నుల జాయ్‌స్టిక్ పోర్టు. కీబోర్డులు కంప్యూటర్లతో మాట్లాడే భాష మిడీ కూడా ఆ పోర్టులోంచే వెళ్తుంది. పాత కేబుల్ ఒకటి వెతికి తగిలించి, బటన్ నొక్కా. సెకనున్నర కూడా పట్టలేదు. మొత్తం 4104 బైట్లు. మనం వాట్సాప్‌లో పంపే ఒక్క ఫొటోలో పదో వంతు కూడా ఉండదు.

బ్యాటరీ మార్చి, ఫైల్ తిరిగి ఎక్కించా. చిన్నాయన ఒక్క మెట్టు నొక్కి, కళ్లు మూసుకుని విన్నాడు.

"నాదే బిడ్డా" అన్నాడు.