బొజ్జన్నకొండ వాలున

హిమాలయ ప్రాంతమునందలి పిల్లలకు చలికాలము వచ్చినదన్న ఆటల కాలము వచ్చినట్లే. కాశ్మీరమున గుల్మార్గునందును, ఉత్తరాఖండమున ఔలియందును కొండవాలులపై మంచు దట్టముగా పేరుకొనును. జనులు కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని, చేతులతో కర్రలు పట్టుకొని, ఆ మంచుపై గాలివలె జారిపోవుదురు. దీనిని స్కీయింగు అందురు. పలక రాపిడికి అడుగునున్న మంచు కొంచెము కరగి, పలుచని నీటిపొర ఏర్పడుటచే అంతటి వేగము సాధ్యమగును.

మన తెలుగునాట అట్టి మంచు లేదు. మన్యమున లంబసింగి వంటి చోట్ల శీతకాలపు వేకువను గడ్డిపై మంచు గడ్డకట్టుట కలదు గాని, అది ఎండ పొడచూపినంతనే మాయమగును. ఐనను వాలు కనబడినచో జారవలెనను ఉబలాటము ఏ దేశపు పిల్లలకైనను ఒక్కటే. అనకాపల్లి ప్రాంతపు బాలుడొకడు ఆ ఉబలాటమును ఎట్లు తీర్చుకొనెనో, దానివలన ఏమి నేర్చెనో ఈ పాఠమున తెలిసికొందము.

అనకాపల్లికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున శంకరము అను గ్రామము కలదు. ఆ గ్రామము చెంత రెండు చిన్న కొండలున్నవి. తూర్పుననున్నది బొజ్జన్నకొండ, పడమటనున్నది లింగాలకొండ. ఆ కొండల చుట్టును వరిమళ్ళు, చెరకు తోటలు, తాటిచెట్ల వరుసలు. అనకాపల్లి బెల్లమునకు దేశమంతట పేరు. సంక్రాంతి దినములలో ఎటు చూచినను గానుగలు తిరుగుచు, పొయ్యిలు మండుచు, కాగుచున్న చెరకుపాకపు కమ్మని వాసన గాలిలో నిండియుండును.

ఆ తోటల నడుమ ఒక రైతు కుటుంబమున పుట్టిన ఆ బాలుడు 1973వ సంవత్సరమున ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అప్పుడు అనకాపల్లి విశాఖపట్టణము జిల్లాలోనిది. ప్రత్యేక జిల్లా ఐనది 2022లో. బడి లేని దినమున అతడును అతని నేస్తులును ఇంట నిలిచెడివారు కారు. తాటిమట్టలు భుజమున వేసికొని బొజ్జన్నకొండకు పరుగిడెడివారు.

తాటిమట్టను సిద్ధము చేయుట ఒక విద్య. దాని రెండంచులను రంపపు పండ్లవలె ముండ్లుండును. వానిని కత్తితో జాగ్రత్తగా చెక్కివేయవలెను. పిమ్మట అడుగు భాగమును రాతిపై రుద్ది నునుపు చేయవలెను. వెడల్పైన మొదటి భాగముపై కూర్చుండి, సన్నని కొసను కళ్ళెమువలె ముందు పట్టుకొనిన, వెనుకనున్న నేస్తుడు ఒక్క త్రోపు త్రోయును. పుష్యమాసమున కొండవాలునందలి గడ్డి యెండి, పండుబారి, పట్టువలె జారుచుండును. దానిపై మట్ట సర్రున దిగజారును. చెవులలో గాలి హోరుమనును; కన్నులు నీరు కారును; పొట్టలో ఏదో లేచి గొంతుకకు వచ్చినట్లుండును. క్రింద మెత్తని మట్టిలో దొర్లిపడి, మోకాళ్ళ ధూళి దులుపుకొని, మరల పైకెక్కుట. దిగుటకు క్షణము, ఎక్కుటకు పావుగంట. అయినను విసుగన్నది వారెరుగరు.

"కనుమనాడు కాకియైనను కదలదు" అని మన సామెత. కాని ఆ ప్రాంతమున కనుమనాడు ఊళ్ళన్నియు కదలి బొజ్జన్నకొండకు వచ్చును. అచట పెద్ద తీర్థము జరుగును. బండ్లు కట్టుకొని వచ్చువారు, బూరలూదు పిల్లలు, చెరకుగడలు, మిఠాయి దుకాణములు, ఎటు చూచినను జనమే. ఆ నాళ్ళలో ఒక వింత ఆచారముండెను. కొండపై బొజ్జవలె ఉబ్బెత్తుగానున్న ఒక రూపమును రాక్షసుని బొజ్జగా తలచి, వచ్చినవారెల్లరు దానిపై రాళ్ళు రువ్వెడివారు. తండ్రులు రువ్విరి గనుక కొడుకులును రువ్విరి. ఆ బాలుడును రువ్వెను. గురి తగిలినప్పుడు చప్పట్లు కొట్టెను.

ఆ సంవత్సరము కనుమనాటి సాయంకాలము, జనము పలుచబడిన పిదప, అతడు ఎన్నడును జారని ఒక క్రొత్త వాలున మట్ట వేసెను. మట్ట అదుపు తప్పి ప్రక్కకు తిరిగి, మట్టిలో సగము పూడియున్న ఒక ఇటుకల వరుసకు కొట్టుకొనెను. మోచేయి గీరుకొనిపోయెను. ఒక ఇటుక ఊడి బయటపడెను. అది వారి యింటి ఇటుకలకన్న చాల పెద్దది, బరువును ఎక్కువే. "ఇంత ఇటుక ఎవరి యింటనున్నది!" అని గర్వముతో అతడు దానిని ఎత్తుకొని ఇంటికి తెచ్చెను. తండ్రి దానిని చూచి సంతోషించి, బెల్లపు పొయ్యి మూతికడ ఒరిగిపోవుచున్న గోడకు ఊతముగా పెట్టెను.

కొన్ని వారముల తరువాత బడిలో చరిత్ర పాఠము జరుగుచుండెను. మాష్టారు పుస్తకము మూసి, "మీలో బొజ్జన్నకొండ నెరిగినవారెందరు?" అని అడిగెను. పిల్లలందరును చేతులెత్తిరి. "అది ఏమిటో ఎరిగినవారెందరు?" అని మరల అడిగెను. ఒక్క చేయియు లేవలేదు.

అప్పుడాయన చెప్పినదిది. శంకరము అనునది సంఘారామము అను మాటనుండి పుట్టిన పేరు. సంఘారామమనగా బౌద్ధ భిక్షువులు నివసించు విహారము. బుద్ధుని కొండయే జనుల నోట బొజ్జన్నకొండ యైనది. 1906లో అలెగ్జాండరు రీ అను పురావస్తు పండితుని ఆధ్వర్యమున అచట త్రవ్వకములు జరిగెను. క్రీస్తు శకము నాల్గవ శతాబ్దమునుండి తొమ్మిదవ శతాబ్దమువరకు అది బౌద్ధులకు నెలవై యుండెనని తేలినది. హీనయాన, మహాయాన, వజ్రయానములు మూడును అచట వర్ధిల్లినవి. కొండను తొలిచిన గుహలు, గోడలపై బుద్ధుని ప్రతిమలు, 16 స్తంభముల మండపము నడుమ ఒకే రాతిలో చెక్కిన స్తూపము అచట కలవు. సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి అచట దొరకినది. లింగాలకొండపై కనబడునవి శివలింగములు కావు. కొండరాతినే మలచిన చిన్న చిన్న స్తూపములు.

"బొజ్జన్నకొండపైనున్న పెద్ద స్తూపమును శిల్పులు ముందు కొండరాతిలో చెక్కి, పిమ్మట దాని చుట్టును ఇటుకలు పేర్చిరి. ఆ ఇటుకను కాల్చినవాడు మీ తాత ముత్తాతలలో ఒకడై యుండవచ్చును. దానిని చదువుట నేర్చినవారికి అది అక్షరము వంటిది. మనము కనుమనాడు రువ్వు రాళ్ళు ఆ అక్షరములను చెరపుచున్నవి" అని మాష్టారు ముగించెను.

బాలునికి మోచేతి గాయము మానిపోయెను గాని, ఆ దినమున అది మరల మండినట్లు తోచెను. అతడు ఇంటికి పోయి గానుగకడకు పరుగెత్తెను. పెనములో పాకము ఉడుకుచుండెను. ఇటుక మంట సెగకు నల్లబడి యుండెను.

"నాన్నా, ఆ ఇటుక నాకు కావలెను" అనెను.

"పొయ్యి మండుచుండగా ఇటుక తీయుదురా? పాకము నేలపాలగును. ఎందులకురా?" అని తండ్రి కసరెను.

బాలుడు మాష్టారు చెప్పినదంతయు చెప్పెను. రాళ్ళు రువ్విన సంగతియు దాచలేదు. తండ్రి కొంతసేపు తెడ్డుతో పాకము కలుపుచు ఊరకుండెను. ఆయనయు తన చిన్ననాట రాళ్ళు రువ్వినవాడే. తుదకు, "రాత్రి పొయ్యి ఆరనిమ్ము. నా పొయ్యికి వేరొక ఇటుక దొరకును" అని మాత్రమనెను.

మరునాడు వేకువను బాలుడును అతని నేస్తుడును ఆ ఇటుకను గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనుక కట్టుకొని కొండకు పోయిరి. కావలి వృద్ధుడు వారిని చూచి, "ఏమి బాబూ, ఆ మూట?" అని అడిగెను. బాలుడు ఇటుకను చూపి జరిగినది చెప్పెను. కావలివాడు తిట్టుననుకొనెను, తిట్టినను బాగుండునని కూడ అనుకొనెను. ఆ వృద్ధుడు తిట్టలేదు. "ఏ వరుసలోనిది? చూపుము" అనెను.

ముగ్గురును వాలు వెంట నడచిరి. ఇటుకలూడిన చోట్లు ఒకటి కాదు, పది కనబడెను. గడ్డి అణగిన గుర్తులు ఎప్పుడో చెదరిపోయినవి. ఇదియా, అదియా యని బాలుడు ఎంత వెదకినను తన ఇటుక చోటును పోల్చుకొనలేకపోయెను. కావలివాడు ఇటుకను అందుకొని, రాలిపడిన ఇటుకలను చేర్చియుంచిన కుప్పకడ పెట్టెను. మిగిలినవన్నియు ఎర్రగా నుండగా అదొక్కటి నల్లగా నుండెను. తిరుగు ప్రయాణమున నేస్తులిరువురును ఏమియు మాటలాడలేదు.

నాటినుండి వారు ఆ కొండపై జారలేదు, రాళ్ళును రువ్వలేదు. అట్లని ఆట మానలేదు. శారదానది యొడ్డున ఎత్తైన ఇసుకదిబ్బ యొకటి వారికి దొరకెను. ఎండవేళ ఇసుక కాళ్ళు కాల్చును. వేకువను మంచువలె చల్లగా నుండును. గడ్డిపై జారినంత వేగముగా మట్ట ఇసుకపై జారదు. వాలు నిట్టనిలువుగానున్న చోట మాత్రమే కదలును. ఐనను పడినచో దెబ్బ తగులదు, చెడినచో నష్టము లేదు. దిబ్బ ఒకచోట జారిపోయిన, వరద వచ్చి మరల ఇసుక పోయును. ఒక చోట పోయినది తిరిగి వచ్చుననియు, మరొక చోట పోయినది తిరిగి రాదనియు ఆ పిల్లలకు ఎవరును ప్రత్యేకముగా చెప్పనక్కరలేకపోయెను.

ఏండ్లు గడచినవి. వారసత్వ సంపదను కాపాడుటకై పాటుపడు ఇంటాక్ వంటి సంస్థవారు ఊరూర తిరిగి జనులకు నచ్చజెప్పుటవలన, కనుమనాటి రాళ్ళు రువ్వు ఆచారము నిలిచిపోయినది. తీర్థము మాత్రము నేటికిని జరుగుచున్నది. జనులు వచ్చి, మెట్లెక్కి, గుహలు చూచి, బుద్ధునికి నమస్కరించి పోవుచున్నారు.

ఆనాటి బాలుడు నేడు తాత. ఒక కనుమనాడు ఆయన తన మనుమనిని వెంటబెట్టుకొని బొజ్జన్నకొండకు వచ్చెను. మనుమడు పట్టణమున చదువువాడు. టెలివిజనులో గుల్మార్గు మంచు ఆటలు చూచినవాడు. కొండవాలు చూడగనే వాని కన్నులు మెరసినవి.

"తాతా, నీవు జారిన చోటు ఏది?" అని అడిగెను. ఆయన చూపెను.

"ఒక్కసారి జారనా?"

"ఇచట వద్దు నాయనా. నదికడకు పోదము. మట్ట నేను చెక్కి యిచ్చెదను" అని ఆయన నవ్వెను.

మనుమడు ముందు పరుగెత్తి మెట్లు దిగుచుండెను. ఆయన మాత్రము కొంచెము ఆగి, స్తూపము చుట్టునున్న ఇటుకల వరుసలను ఒక్కొక్కటిగా పరికించెను. కొండకు వచ్చినప్పుడెల్ల ఆయన అట్లు చూచును. తాను తీసినది ఏ వరుసలోని ఇటుకయో ఆయనకు నేటికిని తెలియదు.