సగములో నిలువని మార్పు

కుప్పమున మా పెదతండ్రిగారి దుకాణపు కంప్యూటరు క్రొత్త సాఫ్టువేరును స్వీకరించుచుండగా కరెంటు పోయెను. పాతది చెడెను, క్రొత్తది నిలువలేదు. మూడేండ్ల పద్దులు చేతికందక ఆయన పడిన వేదన కన్నులార చూచితిని.

ఇట్టి ఆపదకు విరుగుడు ‘అటామిక్’ పద్ధతి. అటామిక్ అనగా ఇచట విభజింపరానిదని యర్థము. మార్పు పూర్తిగా జరుగవలెను, లేదా ఏమియు జరుగరాదు. 2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7.0 ఇందులకై జంట అరల యేర్పాటును తెచ్చెను. ఒక అరలోని వ్యవస్థ పనిచేయుచుండగా రెండవదానిలో క్రొత్తది వ్రాయబడును. సరిచూచిన పిమ్మట, ఫోను తిరిగి మేల్కొనునపుడు అదియే నడచును. నడువనిచో పాతదే పనికి వచ్చును. స్థలము అధికముగ పట్టును గాని యంత్రము మూగవోదు.

మదనపల్లె టమాటా మండీలోను, పుంగనూరు అంగళ్లలోను చేతిఫోనులోనే లెక్కలుంచువారు గలరు. క్రొత్త యిల్లు పూర్తియగువరకు పాతయింటనే కాపురముండు గృహస్థుని వివేకము వారికిట్లు తోడగుచున్నది. సోదర విద్యార్థులారా, క్రొత్తది నిలిచినదని తెలియువరకు పాతదానిని విడువకుడు.